ఆయమ్మను తీసేసిన ఏడాది

మా పాపనూ, బడిలో దానికి తోడుండే ఆయమ్మనూ చూడటానికి బందరు నుంచి ఇద్దరు అధికారులు వస్తున్నారని హెడ్‌మాస్టరు గారు ఫోన్ చేసినప్పుడు నేను అవనిగడ్డ మార్కెట్లో పండుగప్ప చేప ముక్కలు కొడుతున్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని విన్నాను.

"రివ్యూ అంటమ్మా. కంగారేం లేదు. చూసి వెళ్తారంతే" అన్నారాయన.

నేను కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. మా పాప ఎంత నేర్చుకుందో చూడటానికి ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారనుకున్నాను.

అప్పటికి పాపకు తొమ్మిదేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు బిగుసుకుని ఉంటాయి. కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మాటలు దాదాపు లేవు. ఫిట్స్ వస్తాయి. మాది నాగాయలంక అవతల ఊరు. సగం ఇళ్ళు చేపల వేట మీద, మిగతా సగం వరి మీద, రొయ్యల చెరువుల మీద బతుకుతాయి. మా ఆయన గిలకలదిండి హార్బర్ నుంచి బోటు మీద వెళ్తాడు, వెళ్తే చాలా రోజులకు గాని రాడు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకుని, మా అత్తగారి దగ్గర చేపల అమ్మకం నేర్చుకున్నాను. ఆవిడ పోయాక ఆవిడ కూర్చున్న చోటే మార్కెట్లో నేనూ కూర్చుంటున్నాను.

బడికి వెళ్ళక ముందు పాపను ఎలా పెంచానో చెప్పాలి. నేను నీళ్ళకు వెళ్ళినా, రేవుకు వెళ్ళినా దాన్ని చీర ముక్కతో మంచం కోడుకు కట్టి వెళ్ళేదాన్ని. మా ఇంటికి అటు పంట కాలువ, ఇటు చెరువులు. వేరే దారి లేదు. తిరిగి వచ్చేసరికి ఆ ముడిని పళ్ళతో కొరుకుతూ ఉండేది.

బడిలో అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. మొదటి ఏడాది పాపను రోజూ పదింటికల్లా ఇంటికి పంపేసేవాళ్ళు. ఆ తర్వాత ఇలాంటి పిల్లల కోసమని ఒక ఆయాను వేశారు. కోడూరు వైపు నుంచి బస్సులో వచ్చేది. బడిలో అందరూ ఆయమ్మ అనేవాళ్ళు, నేనూ అంతే. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఎప్పుడూ ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతూనే ఉండేది. వచ్చిన మొదటి వారమే నాతో గొడవ పెట్టుకుంది.

"ఇదిగో అమ్మాయ్, రేపట్నుంచి పిల్లకి డైపర్ వేసి పంపబాక" అంది.

"వెయ్యకపోతే ఎలా? తడిపేసుకుంటుంది."

"తడుపుకోనీ. నేను కడుగుతాగా. నువ్వేమన్నా కడుగుతన్నావా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. హెడ్‌మాస్టరు గారికి ఫిర్యాదు కూడా చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. కొన్ని నెలలు పాప సంచిలో రోజూ ఆయమ్మ ఉతికిన తడి బట్టలు వచ్చాయి. తర్వాత తగ్గాయి. ఒకరోజు ఇంట్లో పాప నా ఎదురుగా నిలబడి ఎడమ చేత్తో తొడ మీద తట్టింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ తట్టి, కోపంగా బాత్రూమ్ వైపు చూసింది. అప్పుడు తెలిసింది. దాన్ని ఎత్తుకుని పరిగెత్తాను.

అది పలికిన మొదటి స్పష్టమైన మాట "ఆమ్మ". చెరువు గట్టు మీద బట్టలు ఉతుకుతుంటే విన్నాను. సబ్బు చేతులతోనే దాన్ని వాటేసుకున్నాను. అది నా చేతులు తోసేసి బడి వైపు చూపించింది. 'ఆమ్మ' అంటే ఆయమ్మ. నన్ను అది ఇప్పటికీ ఏమీ అని పిలవదు. ఆ రోజంతా నేను అన్నం తినలేదు. మర్నాడు ఆయమ్మకు ఈ సంగతి చెబితే ఫోన్ పక్కన పెట్టి, "అందా? నన్నా?" అని, పాప మొహం రెండు చేతులతో పట్టుకుని ఊగిపోయింది. ఆవిడ మీద నాకు ఉన్న కోపం సగం అప్పుడు పోయింది. మిగతా సగం చాలాకాలం ఉంది.

రివ్యూ రోజున నేను మార్కెట్‌కు వెళ్ళలేదు. పాపకు తలంటి పోసి, ఇస్త్రీ యూనిఫాం వేసి, రెండు జడలూ రిబ్బన్లతో మడిచి కట్టాను. అధికారులు ఇద్దరు. ఒకతను చేతిలో ట్యాబ్ పట్టుకుని కుర్రాడిలా ఉన్నాడు. రెండో ఆవిడ నాకంటే కాస్త పెద్ద, నూలు చీర, బస్సు ప్రయాణానికి ఒళ్ళంతా చెమట. హెడ్‌మాస్టరు గారు కొబ్బరి బోండాలు కొట్టించారు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను.

ఆ మేడం తరగతిలో కుర్చీ వేసుకుని కూర్చుని, "మీరు కాసేపు వెనక్కి వెళ్ళి కూర్చోండమ్మా" అని ఆయమ్మతో అంది. ఆయమ్మ వెనక గోడ దగ్గరకు వెళ్ళింది. పాప తల తిప్పి చూసింది. గోడ దగ్గర ఆయమ్మ కనిపించింది. మళ్ళీ ముందుకు తిరిగి పలక మీదకు వంగింది. చెప్పిన రంగు దిమ్మలు తీసింది. ఎడమ చేత్తో బలపం పట్టుకుని నిలువు గీతలు గీసింది. పక్క పిల్ల రబ్బరు కింద పడితే తీసి ఇచ్చింది. అంతలో తొడ మీద తట్టింది. ఆయమ్మ లేవబోతే మేడం చెయ్యి చూపించి ఆపింది. పాప లేచి, గోడ పట్టుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ ఒక్కతే బాత్రూమ్ దాకా వెళ్ళి వచ్చింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ట్యాబ్ కుర్రాడు కూడా కొట్టాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

తర్వాత హెడ్‌మాస్టరు గారి గదిలోకి పిలిచారు.

"మీ పాప చాలా బాగా ఇంప్రూవ్ అయిందండీ. ఇంత బాగా ఉన్న పిల్లని ఈ మధ్య నేను చూళ్ళేదు" అంది మేడం. "కాబట్టి ఇక్కడ ఆయా అవసరం లేదని రాస్తున్నాం."

నాకు మొదట బుర్రకెక్కలేదు. హెడ్‌మాస్టరు గారు బల్ల వైపు చూస్తున్నారు.

"అంటే ఏంటండీ?"

"ఆవిణ్ణి వేరే స్కూలుకి మారుస్తున్నాం. సోమవారం నుంచి."

"ఆవిడ ఉండబట్టే కదా మేడం అది కూర్చుంది. ఆవిడ వెనకుందో లేదో తిరిగి చూసుకుంది. మీరు చూళ్ళేదా?"

"చూశాను. వెనక్కి పంపినా కూర్చుంది కదా. మేం చూసేది అదేనమ్మా."

"వెనక ఉంది కదండీ!"

నా గొంతు పెరిగిపోయింది. మేడం కోప్పడలేదు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "అమ్మా, నాకున్న ఆయాలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. మెడ కూడా నిలబెట్టలేని బాబు ఒకడున్నాడు. కుర్చీలో కూర్చోబెడితే పక్కకి పడిపోతాడు. వాడికి ఎవరూ లేరు. నన్నేం చెయ్యమంటావు, నువ్వే చెప్పు."

ఆవిడ అబద్ధం ఆడటం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అదే నన్ను ముంచింది. దుర్మార్గురాలైతే కాళ్ళ మీద పడి రచ్చ చేసేదాన్ని.

బయట ఆయమ్మ నన్ను పట్టుకుని దులిపేసింది. "తలంటి పోసి, రిబ్బన్లు కట్టి పెళ్ళికూతుర్ని చేసి పంపుతావా? చిరిగిన గౌనేసి, జుట్టు విరబోసి పంపితే పోయేదిగా! తీసుకో ఇప్పుడు!"

"నాకేం తెలుసు? నీకు తెలిస్తే నువ్వు చెప్పొచ్చుగా."

"నాకు మాత్రం తెలుసా ఏంటి? నేనూ మురిసిపోయి చూస్తానే ఉన్నా" అని వరండా మెట్టు మీద కూలబడింది. పాప వచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. ఇక రాదని దానికి ఎలా చెప్పాలో మా ఇద్దరికీ తెలియలేదు. చెప్పలేదు.

సోమవారం పాప బడి గేటు దగ్గర నిలబడి బస్సు వచ్చే రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. గంట కొట్టినా లోపలికి రాలేదు. ఎత్తుకుని తీసుకెళ్తే నా భుజం కొరికింది.

ఆయమ్మ స్థానంలో నేనే కూర్చుందామనుకున్నాను. తల్లినేగా, నాకంటే బాగా ఎవరు చూస్తారు అనుకున్నాను. నేను పక్కనుంటే అది బడి పిల్ల కాదు, ఇంటి పిల్ల. ఒళ్ళోకి ఎక్కుతుంది, పలక విసిరేస్తుంది, ఇంటికి పదమని చెయ్యి లాగుతుంది. తరగతి చెప్పే టీచరమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, రెండు తరగతులను ఒకే గదిలో సముదాయిస్తోంది. పాపం చాలా మర్యాదగానే చెప్పింది. "అక్కా, మీరుంటే అస్సలు వినట్లేదు. కాస్త బయట కూర్చుంటారా?"

బయట కూర్చున్నాను. లోపల అది తొడ మీద తడుతూనే ఉండేదట. టీచరమ్మాయి బోర్డు వైపు తిరిగి ఉండేది. చూసేసరికి బెంచి తడిసిపోయేది. ఇంతకు ముందు దాని పక్కన కూర్చోవడానికి పోటీ పడిన పిల్లలు ఒక్కొక్కరే వెనక బెంచీలకు వెళ్ళిపోయారు. వాళ్ళను నేనేం అనను. వాసన వస్తే ఎవరు కూర్చుంటారు? కొన్నాళ్ళకు తట్టడం కూడా మానేసింది. నేను మళ్ళీ డైపర్ కొన్నాను. వేస్తుంటే నా మొహంలోకి చూసింది. దానికి అర్థమైందో లేదో నాకు తెలియదు. నాకైతే మళ్ళీ దాన్ని మంచానికి కడుతున్నట్టే ఉంది.

ఫిట్స్ ఎక్కువయ్యాయి. ఒకసారి తరగతిలోనే పడిపోయింది. టీచరమ్మాయి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చి, "నాకు భయమేస్తందక్కా. మీకేమన్నా చెప్తే బాధపడతారని చెప్పట్లేదు గాని, రోజూ భయమే" అంది. మార్కెట్లో నా చోటు అప్పటికే వేరొకావిడ తీసుకుంది. అడగడానికి కూడా వెళ్ళలేదు.

ఫిట్స్ మందు అయిపోతే ఒకరోజు అవనిగడ్డ వెళ్ళక తప్పలేదు. మా ఆయన వేటలో ఉన్నాడు. టీచరమ్మాయికి చెప్పి, మధ్యాహ్నం అన్నాలకు వచ్చేస్తానని వెళ్ళాను. మందుల షాపులో ఉండగా హెడ్‌మాస్టరు గారి ఫోన్ వచ్చింది. "అమ్మా, పాప నీ దగ్గరికేమన్నా వచ్చిందా?"

ఆ ప్రశ్న ఎంత అర్థం లేనిదో ఆయనకు తెలుసు. నేను అవనిగడ్డలో ఉన్నాను. అది కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్ల. ఆయన వేరే ఏం అడగాలో తెలియక అడిగారు.

అన్నాల గంట కొట్టాక పిల్లలందరూ కంచాలతో వరండాలోకి వచ్చిన గొడవలో ఎప్పుడో గేటు దాటిందట. ఆటో ఎక్కి ఊరికి వచ్చేసరికి జనం కాలువ వెంట ఉన్నారు. హెడ్‌మాస్టరు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కాలువలో దిగి గుర్రపుడెక్క లాగి పారేస్తున్నారు. బస్సు ఆగే చోటికి పరిగెత్తాను. ఆయమ్మ వచ్చే దారి అది. అక్కడ లేదు. దారిలో కనిపించినవాళ్ళకు దాని ఎత్తు చేత్తో చూపించాను.

చెరువుల వైపు నుంచి కాపలావాళ్ళ ఆవిడ కేక వేసింది. "వదినా! ఇక్కడుంది! అరవబాక, మెల్లగా రా!"

రొయ్యల చెరువు గట్టు ఏటవాలుగా ఉంటుంది, కింద జారుడు మట్టి. దాని అంచున పాప మోకాళ్ళ దాకా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. చెరువు మధ్యలో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి, తెల్లగా నురగ లేస్తోంది. దాన్నే చూస్తోంది. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుంది. నేను గట్టు మీద కూర్చుని, చేతులతో మట్టి పట్టుకుంటూ కిందకు పాకాను. అందుబాటులోకి రాగానే జడ పట్టుకుని లాగాను. అది నన్ను చూసి నవ్వి, నురగ వైపు చూపించింది. దాన్ని గట్టు పైకి చేర్చాక గాని జడ వదల్లేదు.

సాయంత్రం హెడ్‌మాస్టరు గారు ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉంచుదామమ్మా. పేరు రిజిస్టర్లో ఉంచుతాను, తీసెయ్యను. దానికేమన్నా అయితే నేను బతకలేను" అన్నారు. మంచి మనిషి. ఆయనే ఇక వద్దంటే ఇంకెవరు రమ్మంటారు?

మా ఆయన వేట నుంచి వచ్చాక అంతా విన్నాడు. చాలాసేపు పాప కాళ్ళు నిమురుతూ కూర్చుని, "ఉంచేద్దాంలే. చదివి ఊళ్ళేలాలా ఏంటి. మన కళ్ళ ముందు బతికుంటే చాలు" అన్నాడు.

"ఇంట్లో ఉంచితే మళ్ళీ కట్టెయ్యాలి. నువ్వు కడతావా?" అన్నాను. "నేను కట్టను. ఇక నా వల్ల కాదు. నువ్వు కడతానంటే చెప్పు, చీర ముక్క ఇస్తా."

అతను లేచి బయటకు వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చి, "ఎవర్ని అడగాలి?" అన్నాడు. తర్వాతి వేటకు బోటు ఎక్కలేదు.

బందరు ఆఫీసుకు వెళ్తే, పాపకు ఎప్పుడూ ఒక మనిషి పక్కనుండాలని డాక్టరు రాసిస్తేనే మళ్ళీ రివ్యూ అన్నారు. అందుకు గుడివాడలో క్యాంపు పెట్టినప్పుడు వెళ్ళాలి. చల్లపల్లి, పామర్రు మీదుగా బస్సులు మారి వెళ్ళాం. పామర్రులో పాపకు బస్సులోనే ఫిట్స్ వచ్చింది. సీట్లో పడుకోబెట్టి, పక్కవాళ్ళు చూస్తుంటే మూతి తుడిచాను. మా ఆయన గుడివాడ వచ్చేదాకా కిటికీలోంచి తల ఇవతలకు తిప్పలేదు.

ఆసుపత్రి వరండా అంతా మాలాంటి వాళ్ళే. ఒకరి బిడ్డను ఒకరు చూసుకుని, మన బిడ్డే నయమనో, వాళ్ళ బిడ్డే నయమనో లోపల బేరీజు వేసుకుంటూ కూర్చుంటారు. నా పక్కన ఒకావిడ ఎదిగిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని కూర్చుంది. పిల్లాడి కాళ్ళు ఆవిడ మోకాళ్ళు దాటి వేలాడుతున్నాయి. తల వెనక్కి వాలకుండా ఒక చెయ్యి ఎప్పుడూ వాడి మెడ కింద ఉంది. ఘంటసాల దగ్గర ఊరట. సంచిలోంచి జంతికలు తీసి మా పాపకు పెట్టింది. నేను మజ్జిగ ఇచ్చాను.

"బళ్ళో వేశారా?" అని అడిగాను.

"వేశామక్కా. ఈ మధ్యే ఆయమ్మని కూడా ఇచ్చారు. అబ్బో, గొంతు చూడాలి! మొదటి రోజే నాతో పోట్లాడింది. మీ వాడికి మెత్తగా కలిపి పెట్టి పెట్టి నమలడం మర్చిపోయాడు, రేపట్నుంచి మామూలు అన్నం పంపు అంది." నవ్వుతూ ఫోన్ తీసింది. "చూడక్కా, వాడు తింటన్నాడు."

వీడియోలో పిల్లాడు గుడ్డతో కుర్చీకి ఆనించి కూర్చున్నాడు. మనిషి కనపడటం లేదు గాని గొంతు వినిపిస్తోంది. "నమలరా, నమలరా నా తండ్రీ, మింగబాక!"

మా పాప జంతిక కింద పడేసింది. ఆవిడ చేతిలోంచి ఫోన్ లాక్కుని, తిప్పి వెనక వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, "ఆమ్మ, ఆమ్మ" అని గోల పెట్టడం మొదలుపెట్టింది. మా ఆయన దాన్ని ఎత్తుకుని వరండా చివరికి తీసుకెళ్ళిపోయాడు.

ఆవిడ నా వైపు చూసింది. "మీ దగ్గర్నుంచేనా అక్కా మాకు పంపింది?"

తల ఊపాను.

"మరి మీరెందుకొచ్చారు ఈ క్యాంపుకి?"

మందుల కోసమని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ చెయ్యి పిల్లాడి మెడ కింద ఉంది. "ఆవిణ్ణి మళ్ళీ అడగటానికి" అన్నాను.

ఆవిడ పిల్లాణ్ణి ఆ భుజం మీద నుంచి ఈ భుజం మీదకు మార్చుకుంది. "నేనైనా అదే చేస్తా" అంది. కాసేపటికి, "కాకపోతే అక్కా, వాడు ఇప్పుడిప్పుడే..." అని ఆపేసింది. నేను మిగతాది అడగలేదు. మా పాప పేరు పిలిచారు. లేచి వెళ్ళాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు. లోపల డాక్టరు గారు పాపను పరీక్షించి, నేను అడగక ముందే, ఒక మనిషి పక్కన లేకుండా ఈ పిల్లను వదలకూడదని రాసిచ్చారు. ఆ కాగితం కోసం వచ్చినదాన్ని, తీరా చేతికొచ్చాక ఎదుటి తల్లి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు అనిపించింది. అయినా జాగ్రత్తగా మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

రెండో రివ్యూకు కూడా ఆ మేడమే వచ్చింది. ఇంటి దగ్గరున్న పాపను బడికి తీసుకురమ్మన్నారు. ఆ రోజు పొద్దున నేను పాపకు తల దువ్వలేదు. పాత యూనిఫాం వేశాను. దేవుడికి దణ్ణం పెట్టుకుని, నా బిడ్డకు ఈరోజు ఏమీ రాకూడదని కోరుకున్నాను. ఏ తల్లైనా అలా మొక్కుతుందా? నేను మొక్కాను. రంగులు గుర్తుపట్టకూడదు, గీత గీయకూడదు, అందరి ముందూ తడిపేసుకోవాలి. డైపర్ కూడా వెయ్యలేదు.

నేను మొక్కుకోనక్కర్లేకపోయింది. మేడం కుర్చీ వేసుకుని కూర్చోగానే పాప వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. గోడ దగ్గర ఎవరూ లేరు. బలపం చేతిలో పెడితే పారేసింది. మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత కళ్ళు పైకి తేలిపోయి బెంచి మీద నుంచి పక్కకు పడింది. నేను లోపలికి వెళ్ళేసరికి మేడం నేల మీద కూర్చుని దాన్ని ఒక పక్కకు తిప్పి, తల తన ఒళ్ళో పెట్టుకుంది. చీరంతా తడిసిపోయింది. పిల్లలు గోడలకు అతుక్కుపోయి చూస్తున్నారు. ఆ క్షణంలో నాకు లోపల 'హమ్మయ్య' అనిపించింది. నా బిడ్డ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే హమ్మయ్య అనిపించింది.

ఫిట్స్ తగ్గి పాప నిద్రలోకి జారుకున్నాక మేడం మంచినీళ్ళు అడిగి తాగింది. "చెరి సగం చేస్తాను" అంది. "సోమ, మంగళ, బుధ అక్కడ. గురు, శుక్ర, శని ఇక్కడ. ఇంతకంటే నా చేతుల్లో లేదమ్మా."

"ఆ బాబుకి?" అన్నాను. అడిగే హక్కు నాకు లేదు, అయినా అడిగాను.

"వాడికీ సగమే" అంది, నా వైపు చూడకుండా.

మొదటి గురువారం ఆయమ్మ బస్సు దిగితే పాప గేటు దగ్గర నుంచి పరిగెత్తబోయి బోర్లా పడింది. ఆయమ్మ దాన్ని లేపి, మోకాలు తుడుస్తూ, నన్ను తిట్టింది, హెడ్‌మాస్టరు గారిని తిట్టింది, డైపర్ విప్పి అవతల పారేసింది. పాపకు వారాలు తెలియవు. శనివారానికి మళ్ళీ తొడ మీద తట్టడం గుర్తుకొస్తుంది. సోమవారం గేటు దగ్గర నిలబడిపోతుంది. బుధవారానికి అంతా మర్చిపోయి ఉంటుంది. ఆ మూడు రోజులూ నేను వరండాలో కూర్చుంటాను. మా ఆయన వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. నేను గురువారం నుంచి శనివారం వరకు మార్కెట్లో ఎక్కడ జాగా దొరికితే అక్కడ తట్ట పెట్టుకుంటాను.

ఘంటసాల ఆవిడ నంబరు ఆయమ్మ దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. "నేనమ్మా..." అనగానే, "తెలిసిందిలే" అంది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. గురువారం నుంచి శనివారం దాకా పిల్లాడు ఇంట్లోనే ఉంటున్నాడని, మెత్తగా కలిపిన అన్నమే తింటున్నాడని చెప్పింది. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. చివరికి నేనే అన్నాను. "ఇద్దరం కలిసి వెళ్ళి ఇంకో ఆయమ్మని ఇమ్మని అడుగుదామా? పిల్లల్ని కూడా తీసుకెళ్దాం."

"వాణ్ణి మొయ్యాలంటే బస్సులో కష్టమక్కా."

"నేను కాళ్ళు పట్టుకుంటా."

పోయిన సోమవారం వెళ్ళాం. బందరులో అర్జీలు తీసుకునే హాల్లో ఇద్దరు పిల్లలతో పొద్దుటి నుంచి కూర్చున్నాం. ఆ మేడం బదిలీ అయిపోయిందట. కొత్తగా వచ్చినాయన మా ఇద్దరి మాటా విన్నాడు, అర్జీ తీసుకున్నాడు, "పై నుంచి పోస్టు రావాలమ్మా, చూద్దాం" అన్నాడు. ఎప్పుడని అడిగితే చెప్పలేనన్నాడు. వేసవి సెలవుల తర్వాత రెండు చోట్లా మళ్ళీ రివ్యూ ఉంటుందని మాత్రం చెప్పాడు.

తిరుగు బస్సులో నలుగురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. పాప ఆ పిల్లాడి చెవి పట్టుకుని లాగుతుంటే వాడు నవ్వాడు. చల్లపల్లిలో ఆవిడ దిగాలి. నేను పాపను సీట్లో కూర్చోబెట్టి, కండక్టరును ఒక్క నిమిషం ఆగమని, పిల్లాడి కాళ్ళు పట్టుకుని దింపాను. ఆవిడ వాణ్ణి భుజాన సర్దుకుని, మెడ కింద చెయ్యి పెట్టుకుని, ఘంటసాల వైపు వెళ్ళే బస్సు కోసం రోడ్డు దాటింది. నేను కనపడక పాప బస్సులోంచి ఏడుస్తోంది. నేను ఎక్కేశాను.